గోడ కట్టిన లారీలో బెళగావి దాకా

బెంగళూరు నుంచి బెళగావికి రైలుంది, బస్సుంది, తొందరపడేవాళ్లకు విమానం కూడా ఉంది. నేను లారీలో వెళ్లొచ్చాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లు లిఫ్టులో నన్ను ఎగాదిగా చూసి, "ఎందుకండీ?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

మహదేవపురలో అద్దాల ఆఫీసుల వెనక సందులో మాకో షెడ్డుంది. నేనూ, ఇంకో ఇద్దరు ఇంజనీర్లూ కలిసి నడుపుతున్నాం. పెద్ద ట్రైలర్ లారీలకు డీజిల్ ఆదా చేసే పలకలు తయారుచేస్తాం. లారీ వేగంగా పోతుంటే డీజిల్‌లో పెద్ద వాటా గాలిని తోసుకుంటూ పోవడానికే సరిపోతుంది. గాలి ట్రైలర్ కింద దూరి అడ్డకమ్మీలకూ చక్రాలకూ కొట్టుకుంటుంది. తలుపుల వెనక ఖాళీ ఏర్పడి బండిని వెనక్కి పీలుస్తుంది. అందుకని ట్రైలర్‌కు రెండు పక్కలా కిందికి దిగేలా నల్ల పలకలు, వెనక తలుపుల చుట్టూ లోపలికి వంగిన రెక్కలు బిగిస్తాం. కాగితం మీద అంతా బాగానే ఉంది. రోడ్డు మీద చూపించమన్నాడు ఒక లారీల యజమాని. ఒక బండి ఇచ్చాడు, దానికి డ్రైవర్‌నూ ఇచ్చాడు. దగ్గరుండి చూడాల్సిన పని నా మెడకు చుట్టుకుంది.

కాటన్‌పేట

పలకల మీద గాలి ఎటు పారుతోందో కంటికి కనిపించాలంటే పాత పద్ధతి ఒకటుంది. చిన్న చిన్న ఉన్ని దారాలు వరసగా అంటిస్తే గాలి ఎటు పోతే అవి అటు పడుకుంటాయి. నల్ల పలక మీద ఎరుపైతే ఫోన్ వీడియోలో బాగా కనబడుతుంది. దారం కోసం కాటన్‌పేట వెళ్లాను. తాతల నాటి నుంచి అక్కడే వ్యాపారం చేస్తున్న తెలుగు శెట్టిగారి కొట్టు అది.

"ఏ దేవరకమ్మా?" అని అడిగాడాయన, ఉండ చేతిలో తిప్పుతూ.

"లారీకండీ" అన్నాను.

"దిష్టికా? అయితే ఎర్రదే ఉండాల. మంచిది తీసుకుంటా ఉండావు" అని కాగితంలో చుట్టి, కళ్లకద్దుకుని మరీ ఇచ్చాడు. కాదండీ, ఇది వాయుశాస్త్రం అని చెప్పబోయి ఊరుకున్నాను. దిష్టికని చెబితే ధర తగ్గించేవాడేమోనని ఆటో ఎక్కాక తోచింది.

యశ్వంతపుర

డ్రైవర్ పేరు రామాంజప్ప. వాళ్ల పెద్దలది బాగేపల్లి పక్క పల్లె. ఆయన పుట్టింది మాత్రం బెంగళూరులోనే. నేను వెళ్లేసరికి అక్కడి లారీల అడ్డాలో ట్రైలర్ చుట్టూ నడుస్తున్నాడు. పలక దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి ఆనించి, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అన్నట్టు రెండుసార్లు తట్టాడు.

"దీన్ని ఇట్ల మూసేస్తే కింద కనపడదు కదమ్మా. కనపడకుంటే బండి ఎట్ల తీసేది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు.

"మా లారీవాళ్లకి ట్రైలర్ కిందనే ఇల్లు. ఎండకాలం కూడు ఆడనే, నిద్ర ఆడనే. మాకే కాదు, దావన పోయే కూలోళ్లకీ, కుక్కలకీ అందరికీ అదే నీడ. అందుకే తాళం తిప్పేముందు వంగి చూస్తాము. 'కింద ఎవరప్పా' అని ఒక కేక వేస్తాము. మా జతగాడొకడు ఒకనాడు చూడకుండా తీసినాడు. ఆ పొద్దు నుంచి మళ్లా స్టీరింగ్ ముట్టలే."

"పలక కింద జానెడున్నర ఖాళీ ఉంది కదా రామాంజప్పా. వంగితే నేల కనిపిస్తుంది. మనిషి ఉంటే కనిపించడా?" అన్నాను.

ఆయన నేల మీద చెంప ఆనించి చూశాడు. అటువైపు వెలుతురు కనబడింది. లేచి మోకాళ్లు దులుపుకుని, "కింద ఎవరప్పా?" అని పలకకేసి కేక వేశాడు. ఆ కేక పలకకు తగిలి అక్కడే ఆగిపోయినట్టనిపించింది. అడ్డాలో మామూలు లారీల కిందికి ఎవరైనా ఇలాగే అరిస్తే అటు పక్కవాళ్లు తలెత్తి చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ చూడలేదు.

క్యాత్సంద్ర

తుమకూరుకు ముందు క్యాత్సంద్రలో తట్టె ఇడ్లీ తినకుండా ఎవరూ పోరు. పళ్లెం ఎంతుంటే ఇడ్లీ అంతుంటుంది. పైన వెన్న. మా తెనాలివాళ్లం ఇడ్లీని చట్నీలో ముంచి తేలుస్తాం కానీ, ఇక్కడ చట్నీ పక్కన కూర్చుని మర్యాద చేస్తుందంతే. రెండు తిని, కాఫీ తాగి ఇచ్చిన డబ్బుకు మహదేవపురలో కాఫీ కప్పు మూత కూడా రాదు.

అంతవరకు సంతోషమే. మళ్లీ హైవే ఎక్కి, ట్రాఫిక్ వదిలి వేగం అందుకున్నాకే విషయం తెలిసింది. లారీలో చప్పుడు లేదు. ఇంజను మోగుతోంది, టైర్లు మోగుతున్నాయి, కానీ వాటి వెనక ఎప్పుడూ ఉండే హోరు పోయింది. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. రామాంజప్ప మాత్రం క్షణక్షణం అద్దంలోకి చూస్తున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"వెనక బండి ఉన్నట్లే లేదమ్మా. అద్దంలో ఉండాది, చెవికి లేదు."

ధైర్యం చెబుదామని పాఠం మొదలుపెట్టాను. బండి పోతుంటే వెనక ఖాళీ ఏర్పడుతుందనీ, అది బండిని పట్టి వెనక్కి లాగుతుందనీ, ఇప్పుడా పట్టు తగ్గిందనీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఇన్నేండ్లూ ఏదో మమ్మల్ని పట్టుకోని వస్తా ఉండె. ఇప్పుడు వదిలేసినాది."

"అంతే."

"వదిలేసి యాడికి పోయినాదమ్మా?"

నవ్వాను. తర్వాత నేను కూడా నా పక్క అద్దంలోకి రెండుసార్లు చూసుకున్నాను.

పలకల మీది ఎర్ర దారాలు దువ్వినట్టు వెనక్కి వాలాయి. మోటార్ సైకిళ్ల మీద కుర్రాళ్లు పక్కకొచ్చి, ఫోన్లతో తీసుకుంటూ, చేతులూపుతూ పోయేవాళ్లు. ఎన్నికల్లో నిలబడ్డదానిలా నేనూ అందరికీ చెయ్యి ఊపాను. శిరా చేరేలోపే అది అలవాటైపోయింది.

శిరా

శిరాలో టీ కోసం ఆపాం. మా లారీ నీడ పడ్డచోటికి నాలుగైదు కుక్కలొచ్చాయి. అలవాటుగా కిందికి దూరబోయి ఆగిపోయాయి. పలకకు కాస్త ఎడంగా వరసగా కూర్చుని దాన్నే చూస్తున్నాయి. మొరగవు, పోవు. నేను బిస్కెట్లు విసిరితే వాటి వంకయినా చూడలేదు. కుక్కలు బిస్కెట్ కంటే గోడను ఎక్కువగా చూడటం అదే మొదటిసారి చూశాను.

టీ పోసే ముసలావిడకు తెలుగొచ్చు. పావగడ పక్కవాళ్లట. పలక మీది దారాలను చూసి చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఎవరు కట్టించినారు తల్లీ ఇన్ని?"

"నేనే అవ్వా. గాలి చూసేదానికి."

"గాలి చూసేదానికా!" అని ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. గాలి అంటే ఆవిడ ఏ గాలి అనుకుందో ఆవిడ మొహమే చెప్పింది. టీకి డబ్బిస్తే తీసుకుంది కానీ నా చేతి నుంచి కాదు, బల్ల మీద పెట్టించి తీసుకుంది.

బయల్దేరేముందు రామాంజప్ప మళ్లీ చెంప నేలకానించాడు, మళ్లీ కేక వేశాడు. నాకు విసుగొచ్చింది. ప్రతిచోటా ఇంత తతంగమైతే ఎప్పటికి చేరతాం అని గొణిగాను.

"చేరకుంటే ఏమమ్మా, బెళగావి యాడికి పోతాది?" అన్నాడాయన.

చిత్రదుర్గ

చిత్రదుర్గ కొండల మీద గాలిమరలు నిలబడి ఉంటాయి. మేము వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. కింద ఆకు కదలడం లేదు, పైన మరలు మాత్రం తీరిగ్గా తిరుగుతున్నాయి. గాలి ఉండీ మన వంటికి తగలకపోతే మనిషికి ఏదోలా ఉంటుంది. నేను వయసంతా గాలి లెక్కల్లోనే గడిపినదాన్ని, నాకే ఏదోలా ఉంది.

ఆ పూట అక్కడే మకాం. నేను లాడ్జిలో, రామాంజప్ప క్యాబిన్‌లో పడుకున్నాం. పొద్దున్నే వెళ్లి చూస్తే ఆయన పలక ముందు నిలబడి ఉన్నాడు. పలక మీద దుమ్ము పట్టింది కదా, ఆ దుమ్ములో అరచేతుల ముద్రలు. ఒకటీ రెండూ కాదు, ముందు చక్రం దగ్గర మొదలై వెనక చక్రం దాకా ఉన్నాయి. పెద్దవి, సన్నవి, ఒకటి మరీ కిందుగా. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు ఒకదాని పక్కన ఒకటి.

"ఎవరివి ఇవన్నీ?" అన్నాను.

"నాకు చప్పుడే కాలేదమ్మా. దినామూ ఈడ లారీల కింద పండుకునేవాళ్లు ఉంటారు. దావ వెదుక్కోని ఉంటారు పాపం."

"మరి దొరికిందా?"

ఆయన నేలకు చెంప ఆనించి చాలాసేపు చూశాడు. నేనూ పక్కన పడుకుని చూశాను. నేల ఖాళీగా ఉంది. ఒక బీడీ ముక్క, అంతే.

మిరప యార్డు

దావణగెరెలో బెణ్ణె దోసె తిన్నాం. వెన్న వేళ్ల సందుల్లోంచి మోచేతి దాకా కారింది. ఆ ఆనందం గురించి ఒక పేజీ రాయగలను కానీ, ఇప్పుడు నా మనసంతా తర్వాతి మజిలీ మీదే ఉంది.

హావేరి ప్రాంతంలో ఒక మిరప యార్డులో మా ట్రైలర్‌లోని గోనె సంచుల బేళ్లు దించాలి. ఊరి పేరు చెప్పను, అక్కడివాళ్ల తప్పేమీ లేదు. ఫర్లాంగు దూరం నుంచే గొంతు మండుతుంది. ఎటు చూసినా ఎర్రటి రాశులు. వాటి చుట్టూ ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. మైకులో ఒకడు రాశుల నంబర్లు అరుస్తున్నాడు. గుంటూరు మిరప వాసన ఎరిగినదాన్నే అయినా కళ్లల్లో నీళ్లు ధారగా కారాయి.

ఆగి ఉన్న లారీల కింద చీరల ఊయలలు వేలాడుతున్నాయి. అడ్డకమ్మీలకు రెండు ముళ్లు వేస్తే ఊయల తయారు. తల్లి తొడిమలు తీస్తుంటుంది, బిడ్డ నీడన ఊగుతుంటుంది. లారీ తీసేటప్పుడు డ్రైవర్ వంగి చూసి కేక వేస్తాడు. తల్లి పరిగెత్తుకొచ్చి ముడి విప్పుకుంటుంది. ఎవరూ రాసిపెట్టని ఏర్పాటది. చూడముచ్చటగా ఉందనుకున్నాను. ఆ పిల్లలందరూ దగ్గుతున్నారు.

బేళ్లు దించుతుండగా మేమిద్దరం ఎదురుగా ఉన్న ఖానావళికి భోజనానికి వెళ్లాం. జొన్న రొట్టె, గుత్తి వంకాయ, వెల్లుల్లి కారం. మా వైపు జొన్న రొట్టె వేడి మీద మెత్తగా ఉంటే మెచ్చుకుంటారు. ఇక్కడ అప్పడంలా ఫెళఫెళలాడేది కూడా పెడతారు. వడ్డించే ఆమె ఆపమన్నా ఆపలేదు.

తిని వచ్చాం. రామాంజప్ప చెంప నేలకు ఆనించాడు. నేనూ వంగాను. అటువైపు వెలుతురు, చదునైన నేల, చెప్పో గుడ్డో ఏదీ లేదు. "కింద ఎవరప్పా?" అని అరిచాడు. మైకులో ఏదో రాశి వేలంపాట సాగుతోంది. ఇంకోసారి అరిచి, పలకను తట్టి, క్యాబిన్ ఎక్కాడు. కారం రాకుండా అద్దాలు పూర్తిగా మూసుకున్నాం.

హైవే మీద

సర్వీసు రోడ్డు దాటి హైవే ఎక్కాం. వేగం పెరిగింది. మళ్లీ ఆ నిశ్శబ్దం. వంతెన ఒకటి దాటాక నా పక్కకు ఒక మోటార్ సైకిల్ వచ్చింది. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఒంటిచేత్తో నడుపుతూ, ఇంకో చెయ్యి పైకెత్తి ఊపుతూ ఏదో అరుస్తున్నాడు.

నేను నవ్వి చెయ్యి ఊపాను.

అతను వెనకబడ్డాడు, మళ్లీ వచ్చాడు. ఈసారి కిందికి చూపించాడు. పలకలను చూసి ముచ్చటపడుతున్నాడనుకుని బొటనవేలు ఎత్తి చూపించాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ వేలు నాదేనా అనిపిస్తోంది.

"ఆ మనిషి ముఖం చూడమ్మా" అన్నాడు రామాంజప్ప. "నవ్వతా లేడు."

అప్పటికే ఆయన కాలు తీశాడు. బ్రేకు గట్టిగా వేయలేదు. నిండు కుండ నెత్తినున్నట్టు మెల్లమెల్లగా బండిని పక్కకు తెచ్చి ఆపాడు. ఎందుకంత మెల్లగా ఆపావని తర్వాత అడిగితే, "ఏమో, కాలు అట్లనే చెప్పినాది" అన్నాడు.

మేము దిగేసరికి ఆ మనిషి బండి రోడ్డు మీద పడేసి పరిగెత్తుకొస్తున్నాడు. కన్నడంలో ఒకే మాట అరుస్తున్నాడు. "కూసు! కూసు!" కూసు అంటే ఆ వైపు పసిబిడ్డ.

వంగి చూశాను. నేల ఖాళీగా ఉంది. అటువైపు వెలుతురు ఉంది. ఏమీ లేదు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఇతనికి మతి పోయిందనుకున్నాను. అప్పుడు అర్థమైంది. వంగి చూస్తే నేల కనిపిస్తుంది. నేలకూ ట్రైలర్‌కూ మధ్య పలక చాటున ఏముందో కనిపించదు.

వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాను. లోపల చీకటి, చల్లదనం. నా తల పైన అడ్డకమ్మీలకు కట్టిన పచ్చ చీర ఊయల మెల్లగా ఊగుతోంది. ఎవరో పక్కన కూర్చుని ఊపుతున్నట్టు, ఒకే లయలో. ఏడుపు లేదు. ఏ చప్పుడూ లేదు.

నేను చెయ్యి పెట్టలేకపోయాను. నిజం చెబుతున్నాను, నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. రామాంజప్ప అవతలి నుంచి దూరి వచ్చాడు. ఆయనా చెయ్యి పెట్టలేదు. ఇద్దరం ఆ ఊయలకు చెరో పక్కా పడుకుని ఒకరినొకరం చూసుకున్నాం. చివరికి ఆయన, "నువ్వు ఆడదానివి, నువ్వే చూడమ్మా" అన్నాడు.

చీర అంచు పక్కకు తీశాను. బిడ్డ కళ్లు తెరిచే ఉంది. నన్ను చూస్తోంది. కాటుక చెదరలేదు. జుట్టు మీద దుమ్ము కూడా లేదు. అంత దూరం హైవే మీద మాతో వచ్చి, ఇంట్లో నిద్ర లేచిన బిడ్డలా ఉంది. బయటికి తెచ్చి గాలి మొహానికి తగలగానే గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని రామాంజప్ప రోడ్డు పక్కన కూలబడ్డాడు.

తల్లి టెంపోలో వచ్చింది. బిడ్డను లాక్కుని, ముందు చెవులు చూసింది, తర్వాత వేళ్లు ఒక్కొక్కటీ, తర్వాత అరికాళ్లు. అప్పుడు నా వైపు తిరిగింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అరిచినా అక్కా. బండి ఎనకంబడి అరిచినా. గోడలకి చెవులుంటాయంటారే, మీ గోడకి లేవు."

తెలుగు. ఆదోని దగ్గరి పల్లె నుంచి పనికి వచ్చిందట. పేరు ఈరమ్మ.

"అందులో ఎందుకు కట్టావమ్మా?" అన్నాను.

"యార్డంతా కారమే కదా. బిడ్డ దగ్గి దగ్గి పాలన్నీ కక్కుతాది. మీ బండి కింద దూరి చూసినా, కారమే రాలేదు. పైగా ఎర్ర దారాలు కట్టుండారు. దేవర బండి, ఏమీ కాదులే అనుకుంటి."

దానికి నేనేం చెప్పాలి? గాలి చూడటానికి కట్టానని చెప్పాలా? ఆ మోటార్ సైకిల్ మనిషి హమాలీ. సంచుల మీద కూర్చుని బీడీ కాలుస్తూ ఆమె దూరటం చూశాడు కాబట్టి సరిపోయింది. చూడకపోతే ఏమయ్యేదో రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

వాళ్లు వెళ్లాక రామాంజప్ప పానాలు తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

"విప్పించమ్మా. ఇవి ఉంటే నేను తీయను."

రోడ్డు పక్కనే పలకలు విప్పి ట్రైలర్‌లో వేశాం. ఒక్క బోల్టు దగ్గర కూడా నేను వాదించలేదు.

బెళగావి

మిగతా దారంతా గాలి హోరెత్తింది. రామాంజప్ప మొహం తేటపడింది. "ఇప్పుడు వెనక ఉండాది" అన్నాడు.

బెళగావిలో కుందా అనే పాలకోవా లాంటి మిఠాయి పెట్టారు. అందరూ మెచ్చుకుంటారు. నాకు రుచి తెలియలేదు. యజమాని ఫోన్ చేసి, పలకలు విప్పితే ఇంక పరీక్షేముందమ్మా అన్నాడు. జరిగింది చెప్పాను. "బిడ్డ బాగుందా?" అని మాత్రం అడిగి పెట్టేశాడు. పరీక్ష అక్కడితో పోయింది. షెడ్డులో నా తోటివాళ్లకు ఏం చెప్పాలా అని కూడా నాకు దిగులు కలగలేదు. కళ్లు మూస్తే పచ్చ చీర ఊగుతోంది.

మళ్లీ యార్డు

తిరుగు ప్రయాణంలో అదే యార్డులో మిరప బస్తాలు ఎక్కించుకోవాలి. లోపలికి వస్తుంటే ఆడవాళ్లు తొడిమలు తీయడం ఆపి చూశారు. ఈరమ్మ చంకలో బిడ్డతో లేచి మా దగ్గరికి వచ్చింది. తిడుతుందని గుండె దిటవు చేసుకున్నాను.

ఆమె ట్రైలర్ కిందికి వంగి చూసింది. అటువైపు ఎండ, దుమ్ము, ఎర్రటి రాశులు అన్నీ కనిపిస్తున్నాయి. బిడ్డ దగ్గుతోంది. చిన్న ఒళ్లంతా కదిలిపోయేలా దగ్గుతోంది.

"గోడ ఎందుకు తీసేస్తిరి అక్కా?" అంది.

మొన్న బిడ్డ పోబోయింది ఆ గోడ వల్లే కదా అన్నాను.

"అది బండి కదిలినందుకు. గోడ ఏం చేసె?" అంది ఈరమ్మ. "ఆ పొద్దు ఒక్కటే నా బిడ్డ దగ్గకుండా పండుకునె."

నేను నిలబడి ఆ బిడ్డను చూస్తున్నాను. రామాంజప్ప క్యాబిన్ ఎక్కాడు. ఇంజను తాళం చెవి తీసుకుని దిగొచ్చి ఈరమ్మ చేతిలో పెట్టాడు.

"ఇది నీ తావ ఉంటే ఈ బండి కదలదు. నీ పని ముగించుకోని రా."

ఆమె అర్థమయ్యేదాకా దాన్ని చూసింది. తర్వాత కొంగు చివర వేసి ముడి మీద ముడి వేసుకుంది.

మేమిద్దరం పలకలు దించి మళ్లీ బిగించాం. ఈసారి డీజిల్ కోసం కాదు. ఈరమ్మ లోపలికి దూరి ఊయల కట్టి, బిడ్డను పడుకోబెట్టి, రాశి దగ్గరికి వెళ్లిపోయింది. నేను కూడా దూరి ఊయల పక్కన కూర్చున్నాను. నేను గీసి, నేను కోయించి, నేను బిగించిన గోడ లోపల నేనెప్పుడూ కూర్చోలేదు. మైకు వినిపించలేదు. కారం లేదు. చీర అంచు కూడా కదలలేదు. బయట రామాంజప్ప నన్ను రెండుసార్లు పిలిచాడట, నాకు తెలియలేదు. అక్కడ ఉన్నంతసేపూ భయంగానే ఉంది. లేచి రాబుద్ధి కూడా కాలేదు.

బస్తాలు ఎక్కించడం అయిపోయింది. యజమాని నుంచి ఫోన్ వచ్చింది. "బండి తాళం నా దగ్గర లేదు సార్" అని రామాంజప్ప నిజమే చెప్పాడు.

ఎండ తగ్గాక ఈరమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. దూరి చూసి, మళ్లీ బయటికొచ్చి గోడకు ఆనుకుని మా పక్కనే కూర్చుంది. కొంగు ముడి విప్పలేదు.

"ఇంకా లేవలే" అంది. "లేపబుద్ధి కాలేదక్కా."

"లేపొద్దులే" అన్నాడు రామాంజప్ప, తువ్వాలు పరుచుకుంటూ.